డప్పు చాటింపు నుండి బేస్ స్పీకరు వరకు



శతవార్షికోత్సవ సంచికలో మందిరముల చరిత్ర, మిషనెరీల చరిత్ర, బడుల చరిత్ర, ఆసుపత్రుల చరిత్ర వ్రాయువారు అనేకులున్నారు. అవన్నియు వ్రాయదగినవే. అయితే ఈ నూరేండ్లలో మన కూటముల రూపమునే మార్చివేసిన ఒక వస్తువును గూర్చి వ్రాయువారు అరుదు. అది మైక్‌సెట్టు. పెండ్లికి, సమాధి కార్యక్రమమునకు, క్రిస్మస్‌కు, గుడ్ ఫ్రైడేకు, గ్రామ సువార్త కూటములకు అది లేనిదే మనకు పని జరుగదు. అయినను దాని చరిత్రను ఎవరును అడుగరు. కావున ఈ కొద్ది పుటలలో ఆ చరిత్రను సంఘస్థుల ముందుంచుచున్నాము.

దీనికి ఒక కారణము కూడ ఉన్నది. చేవెళ్ళ, మొయినాబాదు, శంకర్‌పల్లి ప్రాంతములలో, దొంతన్‌పల్లి వంటి గ్రామములలో, చిన్న సంఘములకు నేడు ఒక ప్రశ్న ఎదురగుచున్నది. చాల సంఘములు బ్యాటరీతో నడిచే, చక్రములు గల మైకు పెట్టెను కొనుక్కొన్నవి. ఒక మనిషి లాగుకొని పోగలడు. ఇప్పుడు యౌవనస్థులు, “దీనికి విడిగా ఒక బేస్ స్పీకరు కలుపుదాము, పాటకు నిండుదనము వచ్చును” అని అడుగుచున్నారు. పెద్దలు, “గుండెలదిరే ఆ దడదడ మనకెందుకు? డీజే బండికిని గుడికిని భేదముండవద్దా?” అనుచున్నారు. కోశాధికారి చందాల పుస్తకము వంక చూచుచున్నాడు. ఈ చిన్న తగవు కొన్నిచోట్ల కమిటీ మీటింగులలో మాటల పట్టింపు వరకు పోయినది. ఇరువురి మాటలోను కొంత న్యాయమున్నది. ఏది ఎంత వరకు న్యాయమో తెలియవలెనంటే చరిత్రను చూడవలెను.

మైకు లేని కాలము

మైకు రాకముందు మన పల్లెలలో పదిమందికి ఒక సంగతి చెప్పవలెనంటే చాటింపు వేయించెడివారు. చాటింపు వేయువాడు నాలుగు బజార్లు కలిసిన చోట నిలిచి డప్పు కొట్టును. జనము గడపలు దాటి బయటికి వత్తురు. అప్పుడతడు డప్పు ఆపును. ఆపిన తరువాతనే మాట చెప్పును. చెప్పుట ముగిసిన పిమ్మట మరల డప్పు కొట్టుకొనుచు ముందుకు పోవును. ఇందులో ఒక గొప్ప జ్ఞానమున్నదని మేము తలంచుచున్నాము. డప్పు పిలుచును, నోరు పలుకును. రెండును కావలెను. కాని డప్పు మ్రోగుచుండగా మాట చెప్పుట వ్యర్థమని చదువురాని ఆ చాటింపువానికి తెలియును. ఆ డప్పు కొట్టిన చేతుల వారసులే మన సంఘములలో అనేకులు. ఆ డప్పును మందిరము లోనికి రానిచ్చుటకు మన పెద్దలు చాలకాలము సంకోచించిరి. నేడు క్రిస్మస్ ఊరేగింపులలో అది మరల వినబడుచున్నది.

లేఖనములలో కూడ జనసమూహమునకు మాట వినిపించుట ఒక పనిగానే కనబడును. నెహెమ్యా గ్రంథము 8వ అధ్యాయములో ఎజ్రా కొయ్య పీఠము మీద నిలిచి ధర్మశాస్త్రము చదివెను, లేవీయులు జనులకు అర్థము తెలియజెప్పిరి. మన ప్రభువు దోనె ఎక్కి ఒడ్డున ఉన్న జనులకు ఉపమానములు చెప్పెను. ఎత్తైన పీఠము, సమతలమైన నీరు, రెండును స్వరమునకు సహాయకములే. 18వ శతాబ్దములో జార్జి వైట్‌ఫీల్డ్ అను ప్రసంగీకుడు ఆరుబయట వేలాదిమందికి ప్రకటించెడివాడు. 1739లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయన స్వరము ఎంత దూరము స్పష్టముగా వినబడుచున్నదో వీధి వెంబడి వెనుకకు నడిచి కొలిచి, ముప్పది వేలకు పైగా జనులు వినగలరని లెక్కకట్టెను. మన దేశములో, కేరళలోని పంపానది ఇసుక తిన్నెల మీద 1895లో మొదలైన మారామన్ కన్వెన్షనులో, లౌడ్ స్పీకర్లు రాకముందు ప్రసంగీకుని మాటలను మధ్యమధ్య నిలిచిన మనుష్యులు బిగ్గరగా తిరిగి పలికెడివారు. మనుష్యులే ఆంప్లిఫయర్లు!

మన మెదకు మహాదేవాలయము కూడ ఆ కాలపు మనస్సుతో కట్టబడినదే. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారి ఆధ్వర్యమున, కరవు రోజులలో జనులకు పనియు అన్నమును దొరుకునట్లు కట్టబడిన ఆ మందిరము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆ మందిరములో వేలమంది కూర్చుండవచ్చును. అంత పెద్ద కప్పు క్రింద స్వరము ప్రతిధ్వనించి చెడకుండ శ్రద్ధ తీసికొన్నారు. ఒక బోధకుని గొంతు గోడల మధ్య ఏమగునో ఆలోచించి కట్టిన కాలమది.

లౌడ్ స్పీకరు పుట్టుక

కరెంటుతో స్వరమును పెంచుట ఒక్కరోజున కనుగొనబడినది కాదు. అయస్కాంతము మధ్యలో తీగచుట్ట కదలి శబ్దము పుట్టించు పద్ధతికి ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంటు పొందెను. కాని జనసమూహము ముందర దానిని నిలబెట్టినవారు పీటర్ జెన్సెన్, ఎడ్విన్ ప్రిడమ్ అను ఇద్దరు. వీరు కాలిఫోర్నియాలోని నాపా అను చిన్న ఊరిలో ప్రయోగములు చేసి, తమ యంత్రమునకు మాగ్నావాక్స్ అని పేరిడిరి. లాటిను భాషలో దాని అర్థము గొప్ప స్వరము. 1915 డిసెంబరు 24న, క్రిస్మస్ ముందటి సాయంకాలమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగర సభాభవనము ముందు కూడిన వేలాది జనులకు దానిద్వారా పాటలును ప్రసంగములును వినిపించిరి. లౌడ్ స్పీకరు తొలి బహిరంగ సభలలో ఒకటి క్రిస్మస్ సభ అగుట మనకు సంతోషకరమైన సంగతియే. 1919 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ఉడ్రో విల్సన్ శాన్‌డియాగోలో సుమారు 50,000 మందితో అదే సాధనముతో మాటలాడెను. ఒక మనిషి గొంతు చించుకొనకుండ అంతమందితో మాటలాడగలుగుట లోకమునకు క్రొత్త.

1925లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనువారు కాగితపు శంకువు గల స్పీకరును గూర్చి వివరముగా ప్రకటించిరి. నేటి మన మైకు పెట్టెలో జల్లెడ వెనుక కనబడు నల్లని శంకువు ఆ వంశమునకు చెందినదే. నూరేండ్లు దాటినను దాని మూలసూత్రము మారలేదు.

బాకాల యుగము

మన పల్లెలకు వచ్చినది మాత్రము శంకువు కాదు, బాకా. రేకుతో చేసిన, విచ్చిన ఉమ్మెత్త పువ్వువంటి ఆ బాకాను చింతచెట్టు కొమ్మకో, గుడి గోపురమునకో కట్టి, ఆంప్లిఫయరును బ్యాటరీతో నడిపెడివారు. ఢిల్లీలో 1940లో మొదలైన అహూజా వంటి సంస్థల సామాను దేశమంతట వ్యాపించినది. కరెంటు సరిగా లేని ఊళ్ళకు బండి మీద బ్యాటరీ వేసికొని పోవుట, సాయంత్రము పాటల రికార్డు పెట్టుట, అది విని పొలములలోనివారు పనిముట్లు సర్దుకొని కూటమునకు బయలుదేరుట, ఇవన్నియు మన పెద్దవారికి తెలిసిన సంగతులే.

బాకాకు ఒక గొప్ప గుణమున్నది. కొద్ది కరెంటుతో చాల దూరము వినిపించును. దాని నోరు గొంతునకును ఆరుబయటి గాలికిని వంతెన వంటిది. కాని ఏ వంతెన అయినను తన కొలతను మించి మోయలేదు. శబ్దమనగా గాలి కంపించుట. సెకనుకు ఎన్ని కంపనములో అన్ని హెర్ట్జ్ అందురు. చిన్న బాకా సుమారు 300 హెర్ట్జ్‌కు దిగువనున్న మంద్ర నాదమును దాదాపు పలుకనేలేదు. అంత తక్కువ స్వరమును మోయవలెనంటే నిలువెత్తు బాకా కావలెను. అందుచేత బాకాలో పాట వినినప్పుడు డోలకు దెబ్బ టకటకగా వినబడును, దాని గంభీర నాదము పోవును. హార్మోనియము ముక్కుతో పాడినట్లుండును.

అయినను వాక్యము వినబడెడిది! ఎందుకనగా మాటకు అర్థమిచ్చునవి హల్లులు. పాపము, శాపము, తాపము అను మూడు మాటలను పలికి చూడుడు. మొదటి హల్లు ఒక్కటే భేదము. ఆ హల్లు వినబడనిచో శ్రోతకు మిగులునది “ఆపము” మాత్రమే. ఆ హల్లుల శబ్దము చాలవరకు 2,000 హెర్ట్జ్‌కు పైన ఉండును. పురుషుని గొంతు మూలస్వరము సుమారు 85 నుండి 180 వరకు, స్త్రీ గొంతు 165 నుండి 255 వరకు ఉండును. అది లేకపోయినను, పై భాగమున్నంతవరకు చెవి మాటను గుర్తుపట్టును. టెలిఫోను 300 నుండి 3,400 వరకే మోసినను మనము సంభాషణ సాగింతుము గదా. బాకా కూడ అట్టిదే. వాక్యమునకు నమ్మకమైన సేవకురాలు, పాటకు మాత్రము పిసినారి.

ఎక్కువ తక్కువలను విడదీయుట

ఒకే స్పీకరు సన్నని స్వరమును, మంద్ర స్వరమును కలిపి మోయుట కష్టమని ఇంజనీర్లకు త్వరలోనే తెలిసినది. మన వాయిద్యకారులకు ఇది ఎప్పటినుండియో తెలిసినదే. తబలా జతలో రెండు వాయిద్యములున్నవి. కుడిచేతిది పలుకుటకు, ఎడమచేతి డగ్గా గంభీర నాదమునకు. డోలకుకును రెండు మొగములు, రెండు తోళ్ళు. ఒకే తోలుతో రెండు పనులు చేయింప వారు ప్రయత్నింపలేదు.

1933 ఏప్రిల్ 27న బెల్ లేబొరేటరీవారు ఫిలడెల్ఫియాలో వాయించిన సంగీతమును తీగల ద్వారా వాషింగ్టను నగరమునకు పంపి అక్కడి సభకు వినిపించిరి. ఆ ఏర్పాటులో మంద్రమునకు వేరు బాకా, తారమునకు వేరు బాకాలు ఉంచి, 300 హెర్ట్జ్ వద్ద రెంటిని విడదీసిరి. ఆ తరువాత హాలీవుడ్డులో ఎం.జి.ఎం. కంపెనీకి చెందిన డగ్లస్ షియరర్ బృందము సినిమాహాళ్ళ కొరకు ఇదే పద్ధతిలో పెద్ద స్పీకర్లు చేయగా, వాటికి 1936వ సంవత్సరపు అకాడమీ సాంకేతిక పురస్కారము లభించినది. 1954లో ఎడ్గార్ విల్చర్ మూసిన పెట్టెలోని గాలినే స్ప్రింగుగా వాడుకొని, చిన్న పెట్టెలో కూడ మంద్రమును పలికించెను. తరువాత ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, రిచర్డ్ స్మాల్ అనువారు ఏ స్పీకరుకు ఎంత పెట్టె కావలెనో లెక్కలు కట్టి చూపిరి. వడ్రంగి ఊహతో చేసిన పని అప్పటినుండి కొలతతో చేయు పని అయినది. 1974లో “ఎర్త్‌క్వేక్” అను ఆంగ్ల చిత్రమునకు భూకంపము అనుభవమగునట్లు హాళ్ళలో పెద్ద బేస్ పెట్టెలు పెట్టిరి. ప్రేక్షకులు చెవితో కాక ఒడలితో వినిరి. నేటి డీజే బండ్ల వరుస పెట్టెలకు తాతలు అవియే.

ఈ విధముగా ఒకే కుటుంబములో ఇద్దరు బిడ్డలు పుట్టిరి. ఒకరు పాటకు నిండుదనము ఇచ్చుటకు, మరియొకరు ఒడలు అదరగొట్టుటకు. పేరు మాత్రము ఇద్దరిదియు ఒకటే, సబ్‌వూఫరు. మన యౌవనస్థులు మొదటివానిని తలంచి అడుగుచున్నారు. మన పెద్దలు రెండవవానిని తలంచి భయపడుచున్నారు. తగవునకు మూలమిదియే.

చిన్న పెట్టెకు బరువు ఎందుకు?

ఇప్పుడు మన చక్రముల పెట్టె యొద్దకు వత్తము. అందులో సాధారణముగా 8 నుండి 15 అంగుళముల శంకువు ఒకటి, చిన్న తారస్థాయి బాకా ఒకటి, ఆంప్లిఫయరు, బ్యాటరీ ఉండును. ప్రసంగమునకును, డోలకు కంజరలతో పాడు పాటకును ఇది చాలును. కాని నేడు మన కూటములలో కీబోర్డు, రిథమ్ ప్యాడు, బేస్ గిటారు చేరినవి. బేస్ గిటారు అతి తక్కువ స్వరము సుమారు 41 హెర్ట్జ్. ఒక స్పీకరు అదే బిగ్గరతనముతో సగము హెర్ట్జ్ స్వరమును పలుకవలెనంటే దాని శంకువు నాలుగింతలు ముందు వెనుకలకు కదలవలెను. చిన్న శంకువు అంత కదలలేక కొట్టుకొనును. అది కొట్టుకొనుచున్నప్పుడు దాని మీదనే స్వారీ చేయుచున్న పాస్టరుగారి మాట, గాయకుల మాట వణకి చెడును. ఇదియే ముఖ్యమైన సంగతి. బేస్‌కు వేరు పెట్టె పెట్టుటలో మొదటి లాభము బేస్ ఎక్కువగుట కాదు. పై పెట్టె మీదనుండి ఆ బరువు దిగుట. బరువు దిగిన పెట్టె మాటను శుభ్రముగా పలుకును.

రెండవ లాభము మన చెవి స్వభావమునుండి వచ్చునది. 1933లోనే ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు తక్కువ శబ్దములో మనిషి చెవికి మంద్రస్వరము మరింత తక్కువగా వినబడునని కొలిచి చూపిరి. కావున బేస్ లేని పెట్టె యొద్ద కూర్చున్నవాడు, పాట నిండుగా లేదని మొత్తము శబ్దమునే పెంచుచు పోవును. చివరకు ముందు వరుసలో చంటిపిల్లల తల్లులు చెవులు మూసికొందురు. మంద్రమునకు తగిన పెట్టె ఉన్నచో మొత్తము శబ్దమును తగ్గించియు తృప్తిపడవచ్చును. అయితే ఇది తగ్గించు మనస్సున్నవారి మాట.

కలుపు విధానము

మా ప్రాంతములోని ఒక సంఘములో యౌవనస్థులు ఒక బేస్ పెట్టెను అరువు తెచ్చి సాయంకాల కూటములో పెట్టిరి. పాటలు ఎంతో నిండుగా వచ్చినవి. కూటము ముగిసిన తరువాత వెనుక వరుసలో కూర్చున్న వృద్ధురాలిని ఎట్లున్నదని అడిగితిమి. “పాట మంచిగనే ఉన్నది అయ్యగారూ, వాక్యమే సమజ్ కాలే” అన్నది. ఆమె ఏ కొలత సాధనమును ఎరుగదు, కాని ఆమె చెప్పినది అక్షరాల నిజము. ప్రసంగపు మైకు కూడ బేస్ పెట్టె గుండా పోవుచుండెను. మరుసటి సాయంకాలము అదే పెట్టెతో, కొద్ది మార్పులతో, ఆమె ప్రసంగమంతయు విన్నది. ఆ మార్పులేవో క్రమముగా చెప్పుచున్నాము.

మొదటిది, బేస్ పెట్టెకు తన స్వంత ఆంప్లిఫయరు ఉండవలెను. మైకు పెట్టెలో స్పీకరుకు పోవు తీగను చీల్చి మరియొక స్పీకరును తగిలించుట చేయరాదు. ఆంప్లిఫయరు మోయగల భారమును మించి కాలిపోవు ప్రమాదమున్నది. మైకు పెట్టె వెనుక “లైన్ అవుట్” అను రంధ్రముండును. దానినుండి బేస్ పెట్టె “ఇన్”కు తీగ పోవలెను.

రెండవది, విభజన. బేస్ పెట్టె సుమారు 100 హెర్ట్జ్‌కు దిగువ మాత్రమే పలుకవలెను. అంతకు పైకి పోనిచ్చినచో పురుషుల గొంతు అందులోనికి దిగి గుమగుమలాడును. విడిగా మిక్సరున్నచో ఇంకను మేలు. మిక్సరునుండి మొదట బేస్ పెట్టెకు, అక్కడ మంద్రము తీసివేయబడిన శబ్దము పై పెట్టెకు పోవును. ఆ సౌకర్యము లేనిచో పై పెట్టె “బేస్” మరను తగ్గించి ఉంచవలెను. లేనిచో బరువు దిగనేలేదు.

మూడవది, ప్రసంగపు మైకు. మిక్సరులో ప్రతి మైకుకు “లో కట్” అను మీట ఉండును. దానిని నొక్కవలెను. మనిషి మాటకు అంత దిగువ శబ్దముతో పనిలేదు. గాలి, బల్ల తట్టుట, మైకును చేత పట్టిన గరగర మాత్రమే అందులో ఉండును.

నాల్గవది, స్థలము. సెకనుకు 3,000 సార్లు కంపించు హల్లు శబ్దపు అల పొడవు నాలుగున్నర అంగుళములు. అది సూటిగా పోవును, ఒక మనిషి తల అడ్డమున్నను ఆగిపోవును. 50 హెర్ట్జ్ అల పొడవు 22 అడుగులు. దానికి మనిషి అడ్డు కాదు, స్తంభము అడ్డు కాదు, ప్రక్క ఇంటి గోడ సయితము చాలినంత అడ్డు కాదు. అందుచేత బేస్ పెట్టె నేలమీద ఉన్నను చాలును, పై పెట్టె మాత్రము కూర్చున్నవారి తలలకు ఎత్తుగా ఉండవలెను. చాల బేస్ పెట్టెలకు పైన గొట్టము నిలుపు రంధ్రముండును. ఆ గొట్టము మీద పై పెట్టెను నిలిపినచో రెండును ఒకేచోటనుండి పలుకును, తారము తలల మీదుగా వెనుక వరుసకు చేరును. ఆ వృద్ధురాలికి మేలు చేసినది బేస్ కంటె ఈ ఎత్తే అని మా నమ్మకము. బేస్ పెట్టెను గోడ మూలకు నెట్టరాదు. మూల దాని శబ్దమును పెంచి మ్రోత చేయును. బల్ల క్రింద, మైకునకు దగ్గరగా పెట్టరాదు.

ఐదవది, “ఫేజ్” అను మీట. రెండు పెట్టెలు ఒకే సమయమున గాలిని ముందుకు నెట్టవలెను. ఒకటి నెట్టుచుండగా మరియొకటి లాగినచో, ఇద్దరు ఎద్దులు చెరియొక దిక్కునకు లాగినట్లగును. ఒకే పాటను ఆ మీట అటు ఇటు త్రిప్పి జనులు కూర్చుండు చోటునుండి వినవలెను. ఏ ప్రక్క మంద్రము నిండుగా ఉండునో అక్కడ ఉంచవలెను.

ఆఖరుది, కరెంటు. సంగీతములో శక్తిని మిక్కిలిగా తినివేయునది మంద్రమే. చక్రముల పెట్టె బ్యాటరీ మీద సాయంకాలమంతయు నడచును గాని, బేస్ పెట్టెకు చాలవరకు కరెంటో జెనరేటరో కావలెను. ఇంటింటికి, బజారు బజారుకు పోవు సేవకు మైకు పెట్టె ఒంటరిగానే పోవలెను. ఒక మనిషి లాగుకొని పోగలుగుటయే దాని భాగ్యము. ఆ భాగ్యమును పోగొట్టుకొనరాదు.

పొరుగువాని గోడ

ఇక పెద్దల భయమును గూర్చి. అది అకారణము కాదు. ఒకప్పుడు దొంతన్‌పల్లి చుట్టును పొలములే. రాత్రి కూటపు శబ్దము చేల మీదుగా పోయి ఆరిపోయెడిది. నేడు శంకర్‌పల్లి రోడ్డు వెంబడి ఇండ్లు, కళాశాలలు పెరిగినవి. ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయ ప్రాంగణము దొంతన్‌పల్లిలోనే ఉన్నది. మన పాట వినగోరని, లేక పరీక్షకు చదువుకొనుచున్న, లేక జబ్బుతో పడియున్న పొరుగువాడు నేడు ఆ చేల చోటనే ఉన్నాడు.

ధ్వని కాలుష్య నియమములు 2000 ఫిబ్రవరి 14నుండి అమలులో ఉన్నవి. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటల వరకు ఆరుబయట లౌడ్ స్పీకరు వాడరాదు. అధికారుల అనుమతి లేనిదే పగలైనను వాడరాదు. నివాస ప్రాంతమునకు పగటి పరిమితి 55 డెసిబెల్సు, రాత్రి 45. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానముల చుట్టును కనీసము 100 మీటర్ల మేర ప్రభుత్వము నిశ్శబ్ద ప్రాంతముగా ప్రకటింపవచ్చును. ఈ విషయమై సుప్రీంకోర్టులో ముఖ్యమైన తీర్పు ఒక క్రైస్తవ సంఘపు వ్యాజ్యములోనే వచ్చినదని మనము గుర్తుంచుకొనవలెను. మద్రాసులోని ఒక చర్చి లౌడ్ స్పీకర్లు, డ్రమ్ములు, గిటార్లు వాడుటపై చుట్టుప్రక్కల నివాసుల సంఘము న్యాయస్థానమునకు పోగా, 2000 ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఇతరుల శాంతిని చెరచి, యంత్రములతోనో డప్పులతోనో ప్రార్థన చేయవలెనని ఏ మతమును బోధింపదని దాని సారాంశము. ఆ మాట న్యాయమూర్తుల నోట వినకముందే మనకు తెలిసియుండవలసినది.

ఇందులో బేస్‌కు సంబంధించిన ఒక చిక్కున్నది. డెసిబెల్సు కొలుచు సాధనము మనిషి చెవిని అనుసరించి మంద్రమును తక్కువగా లెక్కించును. 100 హెర్ట్జ్ శబ్దమును సుమారు 19 డెసిబెల్సు, 50 హెర్ట్జ్ శబ్దమును సుమారు 30 డెసిబెల్సు తగ్గించి చూపును. కావున సాధనములో అంకె హద్దులో ఉన్నను, ప్రక్క ఇంటి కిటికీ తలుపులు అదురుచుండవచ్చును. చట్టపు అంకెతో మన బాధ్యత తీరదు. కూటము మొదలు కాకముందు పాట పెట్టి, ఒకరు పోయి పొరుగింటి గుమ్మములో నిలిచి వినుట ఉత్తమమైన కొలత. ఆ ఇంటివారిని పలుకరించి, “ఇబ్బంది ఉన్నదా, అన్నా?” అని అడిగి వచ్చుట అంతకంటె ఉత్తమము.

సంఘములకు మనవి

ఈ చరిత్రనుండి మేము గ్రహించినది ఒక్కటి. బాకాల కాలములో వాక్యము దక్కినది, పాట చిక్కిపోయినది. డీజే కాలములో మంద్రము పెరిగినది, మాట మునిగిపోయినది. బేస్ పెట్టెను విడిగా పెట్టుట ఈ రెంటికిని మధ్య మార్గము కాగలదు, అది మాటను విడిపించుటకు పెట్టబడినచో. మాటను కప్పుటకు పెట్టబడినచో, ఎంత ఖరీదైనదైనను నష్టమే.

కావున కమిటీలవారు ఖర్చు చేయునప్పుడు ఈ వరుస పాటింపవలెనని మనవి. మొదట మంచి మైకు, పై పెట్టెను ఎత్తుగా నిలుపు స్టాండు. తరువాత చిన్న మిక్సరు. ఆ తరువాతనే బేస్ పెట్టె, అదియు సంఘములో నిజముగా కీబోర్డో బేస్ గిటారో వాయించువారున్నచో. ఏడాదికి రెండు మూడు పండుగలకే కావలసినచో కొనుట కంటె అద్దెకు తెచ్చుకొనుట మేలు, లేదా పాస్టరేటులోని సంఘములన్నియు కలిసి ఒకటి కొని వంతులవారీగా వాడుకొనుట మేలు. యౌవనస్థులలో ఇద్దరికి దాని మీటలన్నియు నేర్పి, వారికే ఆ బాధ్యత అప్పగింపవలెను. చేతికొక మనిషి త్రిప్పు మరలతో ఏ సెట్టును బాగుగా పలుకదు.

పెద్దలకును ఒక మాట. యౌవనస్థులు అడుగునది వేడుక మాత్రమే అని తలంపవద్దు. పాటకు అడుగున ఒక ఆధారముండవలెనని వారి చెవి కోరుచున్నది. పురుషోత్తమ చౌదరిగారి కాలమునుండి మన తెలుగు కీర్తనలు రాగ తాళములతో, శ్రుతి ఆధారముతో పాడబడినవే. ఆధారశ్రుతి లేని పాట మన సంప్రదాయము కాదు. యౌవనస్థులకును ఒక మాట. కూటమైన తరువాత పెట్టెలు సర్దుటకు ముందు, వెనుక వరుసలో కూర్చున్న ముసలివారి యొద్దకు పోయి, ఈ రోజు వాక్యములో ఏమి వింటిరని అడుగుడు. వారు చెప్పగలిగినచో మీ సెట్టు బాగున్నది. చెప్పలేనిచో మరుసటి ఆదివారమునకు ముందే ఏ మీట త్రిప్పవలెనో చూచుకొనుడు.